ఉన్నదున్నట్టు అమ్మాం అంటే సరిపోతుందా?

ఈ మధ్య ఇల్లు అమ్మేవాళ్ల నోట ఒక మాట బాగా వినపడుతోంది. "మేం ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం, నచ్చితే తీసుకోండి" అని. అగ్రిమెంటు కాగితంలో అదే మాట "యథాస్థితిలో" అని సంస్కృతం కట్టుకొని కూర్చుంటుంది. దాని పక్కనే "కొనువారు ఆస్తిని స్వయముగా చూచుకొని సంతృప్తి చెందినారు" అని ఇంకో వాక్యం. వినడానికి ఎంత నిజాయితీగా ఉంది! దాపరికం లేదు, డొంకతిరుగుడు లేదు, ఉన్నదేదో అదే.

నన్నడిగితే ఇళ్ల బేరాల్లో ఇంతకన్నా పెద్ద బొంకు లేదు. ఉన్నది ఉన్నట్టు అమ్మేవాడికి లప్పంతో పనేముంది? బేరానికి నెల ముందు రంగులెందుకు? పడకగదిలో ఇరవై ఏళ్లు కిటికీ పక్కనున్న బీరువా, కొనేవాళ్లు చూడ్డానికి వచ్చే రోజుకి సరిగ్గా నెర్రె ఇచ్చిన గోడకు అడ్డంగా ఎందుకు నిలబడింది? ఉన్నదున్నట్టు అన్న మాటకు అర్థం ఉండాలంటే ఉన్నదేమిటో ముందు చెప్పాలి. ఉన్నది దాచిపెట్టి, దాచిందాన్ని కూడా నువ్వే కొన్నావు పొమ్మంటే అది అమ్మకం కాదు, అంటగట్టడం.

కంటికి కనబడే లోపం వేరు, కనబడని లోపం వేరు. ఇది ఇల్లు నడిపే ఏ ఆడమనిషికైనా తెలుసు. వంటగదిలో కడప బండ ఒకటి పగిలి ఉంది, తలుపు బిగుసుకుపోతోంది, మెట్లు నిటారుగా ఉన్నాయి. ఇవన్నీ కొనేవాళ్ల కళ్లముందే ఉన్నాయి. చూసి కూడా కొన్నాక ఏడిస్తే తప్పు వాళ్లదే. వీటికి "ఉన్నదున్నట్టు" అన్న మాట చక్కగా సరిపోతుంది. కానీ మిద్దె ఎక్కడ కారుతుందో ఎండాకాలంలో చూసినవాళ్లకు ఎలా తెలుస్తుంది? బోరు మార్చి నెల దాటితే గాలి పోస్తుందని జనవరిలో చూసినవాళ్లకు ఎలా తెలుస్తుంది? సెప్టిక్ ట్యాంకు సంపుకు నాలుగు అడుగుల దూరంలో ఉందని పైన పరిచిన బండలు చెప్తాయా?

ఎద్దును కొనేటప్పుడు మా పెద్దవాళ్లు పళ్లు చూసేవాళ్లు, సుడులు చూసేవాళ్లు, నడిపించి చూసేవాళ్లు, అంతకీ నమ్మకం కుదరకపోతే మడక కట్టి చూసేవాళ్లు. ఇంటికి మడక కట్టి చూడలేం గదా. ఇంటి గుణం తెలియాలంటే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అందులో కాపురం చెయ్యాలి. ఆ కాపురం చేసినవాడు అమ్మేవాడు. తెలిసినవాడు అతనొక్కడే. కాబట్టి చెప్పాల్సిన భారం అతనిదే. నా వాదన మొత్తం ఇంతే. తక్కినదంతా దీనికి వివరణ.

మా సీమలో ఈ సంగతి మరీ ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ నేల ఏడాదిలో పది నెలలు నిద్రపోతుంది. వంక ఎండిపోయి ఉంటుంది, పిల్లలు అందులో క్రికెట్టు ఆడుతుంటారు. అదే వంక పోరంబోకును చదును చేసి, రాళ్లు పాతి, ప్లాట్లని చూపిస్తే పై ఊరి నుంచి వచ్చినవాడు వంక అనుకుంటాడా, మైదానం అనుకుంటాడా? 2001లో బుగ్గవంక కడప పట్నం మీద పడినప్పుడు ఎండిన వంక అంటే ఏమిటో మా జిల్లా అంతా చూసింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట, నందలూరు వైపు ఊళ్ల మీద పడింది. ఆ రోజు ఏ గోడకు ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో ఆ ఇంటివాళ్లకు తెలుసు. ఆ గీత గోడ మీద కొన్నాళ్లు ఉంటుంది. రెండు చేతులు సున్నం కొడితే పోతుంది. గోడ మీద గీత పోయినంత మాత్రాన వచ్చే వరద ఆ ఇంటి దారి మరిచిపోతుందా?

ఇక మా ఒంటిమిట్ట మండలం పెన్న వైపు పల్లెల సంగతి. సోమశిల ప్రాజెక్టు కట్ట నెల్లూరు జిల్లాలో ఉన్నా, దాని వెనక నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి. ఆ నీళ్ల కింద మా మండలంలోనూ, నందలూరు, అట్లూరు, గోపవరం మండలాల్లోనూ ఊళ్లు పోయాయి, భూములు పోయాయి. నీళ్లు తగ్గిన ఏడాది ఆ భూమి బయటపడి పచ్చగా కనిపిస్తుంది. ముంపు కింద పరిహారం తీసుకున్న భూమిని అలాంటి ఏడాది చూపించి ఎవరైనా అమ్మితే, కొన్నవాడికి మిగిలేది నీళ్లు కూడా కాదు, నీళ్లు తగ్గే దాకా ఎదురుచూపు. అది కూడా "ఉన్నదున్నట్టే" కదా!

2015లో కోదండరాముడి గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చింది. రాష్ట్రం తరఫున సీతారాముల కల్యాణం ఇక్కడ జరపడమూ ఆ ఏడాదే మొదలైంది. అప్పట్నుంచి మా ఊరి నేలకు రెక్కలొచ్చాయి. రోడ్డు పక్కన రాళ్లు పాతని చేను కనపడితే ఆశ్చర్యం. దూరాన ఉద్యోగాలు చేసుకునే పిల్లలు "రాముడి సన్నిధిలో ఒక ప్లాటు" అని ఫోన్లోనే బయానా పంపుతున్నారు. నేల ముఖం చూడనివాడికి నేల లోపం ఎవరు చెప్పాలి? దళారి చెప్తాడా? అతనికి కమీషను వచ్చేది రిజిస్ట్రేషను అయితేనే గాని, ఆగితే కాదు.

మా చిన్నమ్మ కూతురి సంగతి చెప్తాను. కడప శివార్లలో పదిహేనేళ్ల పాత మిద్దె ఇల్లు కొన్నారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ నాలుగుసార్లు పోయి చూశారు. మేస్త్రీని వెంటబెట్టుకొని పోయారు. ఈసీ తీశారు, లాయరుకు కాగితాలు చూపించారు, పన్ను రసీదులు చూశారు. ఒక మామూలు సంసారి చెయ్యగలిగినవన్నీ చేశారు. మొదటి వానాకాలానికి ఈశాన్యం మూల కుంగడం మొదలైంది. గోడ పైనుంచి కిందికి చెయ్యి దూరేంత చీలింది. లప్పం పెచ్చులు ఊడాక తెలిసింది, అది కొత్త చీలిక కాదని. లోపల పాత సిమెంటు పూత, దాని కింద అంతకన్నా పాత పూత.

అప్పుడు ఎదురింటి ముసలమ్మ వచ్చి తాపీగా చెప్పింది. "ఆడ బాయి ఉండ్య గదమ్మా. మేమంతా ఆడనే నీళ్లు చేదుకుంటాంటిమి. ఆయప్పే రాళ్లూ మట్టీ వేయించి పూడ్చిండ్య." ఇల్లు కట్టినవాడూ అతనే, బావి పూడ్చినవాడూ అతనే, మూడుసార్లు పూత పూయించినవాడూ అతనే. పోయి అడిగితే అతనన్న మాట, "ఉన్నదున్నట్టు అని రాసుకున్నాం గదమ్మా, మీరు చూసుకునే కదా సంతకాలు పెట్టినారు" అని. పూడ్చిన బావిని చూసుకోవడానికి ఇంటి కింద దూరాలా? మా చెల్లెలి బంగారం బ్యాంకులో ఉంది. ఆ మూల గోడ దించి, పునాది తవ్వి, మళ్లీ లేపడానికి. ఇంతవరకు ఆ మనిషి ఒక్క రూపాయి ఇవ్వలేదు. లాయరు నోటీసుకు జవాబుగా కూడా అదే మాట రాయించి పంపాడు.

చట్టం ఏం చెప్తుందో చూద్దాం. చట్టం అనగానే అది మగవాళ్ల వ్యవహారమని పక్కకు పెట్టకండి. నాలాంటి తెలుగు బీఏ చదివిన మనిషికి అర్థమైంది మీకు కాకుండా పోదు.

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో 55వ సెక్షను అమ్మేవాడి బాధ్యతలూ కొనేవాడి బాధ్యతలూ వరసగా చెప్తుంది. ఆ వరసలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? ఆస్తిలో గాని, దాని మీద తనకున్న హక్కులో గాని ముఖ్యమైన లోపం ఏదైనా ఉండి, అది తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడికి కనబడనిదైతే, దాన్ని అమ్మేవాడు బయటపెట్టి తీరాలి. అడిగితే చెప్పాలి అని కాదు, అడక్కపోయినా చెప్పాలి. అడిగితే నిజం చెప్పాలన్నది వేరే బాధ్యత, దానికి వేరే క్లాజు ఉంది. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఆ సెక్షనే చివర్లో తేల్చింది. అలా ఊరుకోవడం మోసం కిందికి వస్తుంది. పొరపాటు అనలేదు, నిర్లక్ష్యం అనలేదు, మోసం అంది. నూట నలభై ఏళ్ల కిందట రాసిన మాట.

మామూలుగా కాంట్రాక్టు చట్టంలో, అంటే 1872 నాటి చట్టంలో, ఉత్తినే మౌనంగా ఉండడం మోసం కాదు. కానీ చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాడు మౌనంగా ఉంటే అది మోసమే. తెలిసిన విషయాన్ని పనిగట్టుకొని కప్పిపెట్టడం ఎప్పుడైనా మోసమే. లప్పం పెట్టడం, బీరువా జరపడం ఈ రెండో రకం. ఇక్కడ నోరు మాట్లాడలేదు గానీ చెయ్యి అబద్ధం ఆడింది.

అమ్మేవాళ్ల లాయర్లు ఒక సందు చూపిస్తారు. 55వ సెక్షను మొదట్లో "దీనికి విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు" అన్న మాట ఉంది, మేం "యథాస్థితి" అని ఒప్పందం రాసుకున్నాం కాబట్టి మాకు ఆ బాధ్యత లేదు అంటారు. బాగానే ఉంది. లోపం ఫలానా అని చెప్పి, అది ఉన్నా పుచ్చుకుంటానని కొనేవాడు ఒప్పుకుంటే అది ఒప్పందం. ఏ లోపమో తెలియనివాడు దేనికి ఒప్పుకున్నట్టు? తెలియకుండా పుచ్చుకున్న సమ్మతిని సమ్మతి అనరు. మోసం చేసి సంపాదించిన సంతకంతోనే ఆ మోసాన్ని మాఫీ చేయించుకుంటానంటే, దొంగ దొంగిలించిన ఇంటి తాళంచెవినే సాక్ష్యంగా చూపించినట్టుంటుంది.

2010 లా రిపోర్టుల్లో అచ్చయిన సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. హర్యానా ఫైనాన్షియల్ కార్పొరేషను ఒక యూనిట్‌ను అమ్మకానికి పెట్టింది. కొనడానికి ముందుకొచ్చినాయన కొంత డబ్బు కట్టాక తేలింది, ఆ యూనిట్‌కు సొంత దారి లేదని. మిగతా డబ్బు ఆపేశాడు. కార్పొరేషను కట్టిన డబ్బును జప్తు చేసుకుంది. సుప్రీంకోర్టు ఈ 55వ సెక్షనునే ఎత్తి చూపి, దారి లేదన్న సంగతి బయటపెట్టాల్సింది కార్పొరేషనే అని, ఆ డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే అని తేల్చింది. ఒక ప్రభుత్వ సంస్థకే ఆ బాధ్యత తప్పలేదంటే, పదిహేనేళ్లు ఆ ఇంట్లోనే తిని పడుకున్న మనిషికి తప్పుతుందా?

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అది వాదన కాదు, తగువు. వేలాల్లో "ఉన్నచోట, ఉన్నట్టు" అన్న మాటకు కోర్టులు విలువ ఇచ్చాయి. చండీగఢ్‌లో వేలంలో స్థలాలు పాడుకున్నవాళ్లు అక్కడ వసతులు లేవని వినియోగదారుల ఫోరానికి పోతే, 2009లో సుప్రీంకోర్టు మీరు వినియోగదారులే కాదు పొమ్మంది. అక్కడ స్థలం బహిరంగంగా ఉంది, వసతులు లేవన్నది కంటికి కనపడుతుంది. చూసి పాడుకున్నారు. నేను మొదట చెప్పిన తేడా ఇదే, కనపడేదానికి కొనేవాడు, కనపడనిదానికి అమ్మేవాడు.

ఇదేదో ఇంగ్లీషువాళ్లు నేర్పిన నీతి అనుకునేవాళ్లకు ఒక మాట. మన ధర్మశాస్త్రాల్లో వ్యవహారాలు పద్దెనిమిది రకాలుగా చెప్పారు. అందులో క్రయవిక్రయానుశయం ఒకటి, అంటే కొన్నాక, అమ్మాక పుట్టే పేచీలు. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం దోషమున్న సరుకును దోషం లేనిదానిలా అమ్మినవాడికి వెలకు రెట్టింపు దండుగ. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరిని పదమూడో శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. అంటే ఇలాంటి పేచీల గురించి ఏడు వందల ఏళ్ల కిందటే తెలుగులో చెప్పుకున్నాం. ఇప్పుడేమో "కొనేవాడే చూసుకోవాలి" అని తెలివిగా తప్పించుకుంటున్నాం.

అమెరికాలో ఒక తమాషా కేసు జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒకావిడ తన ఇంట్లో దయ్యాలున్నాయని పత్రికలకు చెప్పుకొని పేరు తెచ్చుకుంది. అమ్మేటప్పుడు మాత్రం కొనేవాడికి ఆ ముక్క చెప్పలేదు. అగ్రిమెంటులో "ఉన్నదున్నట్టు" అన్న షరతు ఉంది. 1991లో అక్కడి అప్పీలు కోర్టు, దయ్యాలున్నాయని ఊరంతా చాటింది నువ్వే కాబట్టి చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దయ్యాలున్నట్టే, ఇలాంటిది ఎంత జాగ్రత్తగా చూసినా కొనేవాడికి కనపడదు, కాబట్టి అతను ఒప్పందం రద్దు చేసుకోవచ్చు అంది. దయ్యం సంగతే చెప్పాలన్నారు అక్కడ. మనం బావి సంగతి కూడా చెప్పం! పొయ్యి ఏ మూల, తలుపు ఏ దిక్కు, వీధిపోటు ఉందా అని వాస్తు సిద్ధాంతిని పిలిచి గంటలు గంటలు అడుగుతాం. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందని మాత్రం ఎవరం అడగం.

కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగు పిల్లలను ఎవరినైనా అడగండి. అక్కడ ఇల్లు అమ్మేవాళ్లు ఒక ఫారం నింపాలి. కప్పు కారుతుందా, పునాదిలో లోపముందా, వరద వచ్చిందా, పక్కవాళ్లతో తగాదా ఉందా, ఇంటి మీద కేసులున్నాయా, అన్నీ అమ్మేవాళ్లే రాసి సంతకం పెట్టివ్వాలి. మూడేళ్లలోపు ఆ ఇంట్లో ఎవరైనా పోయుంటే అదీ చెప్పాలి. అదే పిల్లలు ఇక్కడ అమ్మానాన్నల ఇల్లు అమ్మేటప్పుడు "యథాస్థితి" అని రాయించి విమానం ఎక్కుతున్నారు. అక్కడ చెప్పడం తెలిసినవాళ్లకు ఇక్కడ ఎందుకు నోరు రాదు? అడిగేవాళ్లు లేక.

మన దగ్గర రెరా చట్టం వచ్చింది కదా అంటారు. వచ్చింది, 2016లో. అందులో మంచి సంగతులే ఉన్నాయి. ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడి చెప్తే, బిల్డరు ముప్పై రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచెయ్యాలి. కానీ అది బిల్డర్లకు, ప్రాజెక్టులకు. 500 చదరపు మీటర్లు దాటని స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటని కట్టడమైనా దానికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఒక సంసారి ఇంకో సంసారికి అమ్మే పాత ఇల్లు అసలు దాని కిందికే రాదు. మన చిన్న ఊళ్లలో జరిగే బేరాల్లో ఎక్కువ అలాంటివే. అంటే పట్నంలో పెద్ద అపార్టుమెంటు కొన్నవాడికి ఒక రక్షణ, ఊళ్లో పాత మిద్దె కొన్నవాడికి 1882 నాటి సెక్షను ఒకటే దిక్కు.

ఇప్పుడు నాతో వాదించేవాళ్ల మాటలు.

"అన్నీ చెప్తే ఎవరు కొంటారమ్మా?" కొంటారు. తక్కువకు కొంటారు. కారే మిద్దెకు కారే మిద్దె ధర వస్తుంది. అది న్యాయమైన ధర. కారని మిద్దె ధర పుచ్చుకొని కారే మిద్దె ఇస్తే, ఆ తేడా డబ్బు మీది కాదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారని సామెత చెప్తారు కొందరు. ఆ సామెత మీద పెళ్లిళ్లు చేసినవాళ్ల కూతుళ్లను అడగండి, ఆ వెయ్యి అబద్ధాలూ ఎవరు మోశారో.

"మాకూ ఎవరూ చెప్పలేదు, మేమూ మోసపోయే కొన్నాం." అయ్యో పాపమే. కానీ మీకు పెట్టిన చెయ్యి ఇంకొకరికి పెట్టే హక్కు మీకెవరిచ్చారు? మీకు అమ్మినవాడి మీదికి పోవాల్సింది, మీ దగ్గర కొనేవాడి మీదికి తోస్తున్నారు.

మూడో మాట కొంచెం బరువైనది. "ఆస్పత్రి ఖర్చులకో, ఆడపిల్ల పెళ్లికో దిక్కులేక ఇల్లు అమ్ముకునే విధవరాలు ఉంటుంది. ఆమె మీద కూడా కేసు వేస్తారా? ఆ డబ్బు ఆమె దగ్గర మిగిలుంటుందా?" ఈ మాటకు నేను తొందరపడి జవాబు చెప్పను. అందుకే చట్టం ఎక్కడ గీత గీసిందో చూడమంటున్నాను. అమ్మేవాళ్లకు తెలిసిన లోపానికే బాధ్యత. తెలియనిదానికి కాదు. 2015 చివర్లో వానలు దంచినప్పుడు చింతకొమ్మదిన్నె మండలం నాయనోరిపల్లెలో భూమి గుంతలు గుంతలుగా కుంగింది. కింద సున్నపురాయి ఉన్నచోట నీళ్లు లోలోపల రాయిని తినేస్తాయి. అలాంటిదాన్ని ఏ అమ్మేవాడు ముందుగా చూడగలడు? దానికి అతన్ని పట్టుకోవడం అన్యాయం. ఆ విధవరాలికి కూడా తెలిసింది చెప్పడానికి ఖర్చేమీ లేదు. చెప్పిన మరుక్షణం ఆమె మీద భారం దిగిపోతుంది. నిజం చెప్పడం ఆమెకు శిక్ష కాదు, రక్ష. అమ్మేసిన తర్వాత కూడా ఎవరో నోటీసుతో తలుపు తడతారన్న భయం లేకుండా పడుకోవచ్చు.

దూరాన ఉండి, తాతల నాటి ఇల్లు వారసత్వంగా వచ్చి, అందులో ఒక్క రాత్రి కూడా పడుకోనివాళ్లు "మాకేమీ తెలియదు, ఉన్నదున్నట్టు ఇస్తున్నాం" అంటే నేను నమ్ముతాను. అది నిజమైన యథాస్థితి. కొనేవాడు దానికి తగ్గట్టు ధర చూసుకుంటాడు. తెలిసినవాడు తెలియనట్టు ఆ మాటను తొడుక్కోవడమే తప్పు.

ఇక మన ఆడవాళ్ల సంగతికి వస్తాను. ఇది కొంతమందికి కోపం తెప్పిస్తుంది, అయినా సరే. ఇంటి లోపాలు ఇంట్లో అందరికన్నా ఎవరికి తెలుసు? వాన పడితే ఏ మూల బిందె పెట్టాలో ఎవరికి తెలుసు? పప్పు ఉడకని నీళ్లు, గిన్నెలకు తెల్లటి పొర పట్టే నీళ్లు ఏవో ఎవరికి తెలుసు? నెమ్ముకు బీరువా కింది అరలో చీరలు పాడైంది ఎవరికి తెలుసు? ఈ రోజుల్లో ఎన్నో ఇళ్లు ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయి. అమ్మేటప్పుడు సంతకం పెట్టేది, వేలిముద్ర వేసేది మనమే. మగవాళ్లు బేరం మాట్లాడి తెస్తారు, మనం రిజిస్ట్రారు ఆఫీసులో ఫొటో దిగి వస్తాం. "ఆస్తిలో ఎలాంటి లోపములు లేవు" అన్న వాక్యం కింద బిందె పెట్టిన చేత్తోనే సంతకం పెడుతున్నాం. ఆ ఇంటికి వచ్చే ఇంకో ఆడమనిషి రేపు అదే మూల బిందె పెడుతుందని మనకు తెలుసు. తెలిసీ నోరు మూసుకోవడం భర్త మాట మన్నించడం అవుతుందా? కాగితంలో అమ్మేది మన పేరు అయినప్పుడు అబద్ధమూ మన పేరునే ఉంటుంది.

పక్కింటివాళ్లూ తక్కువ తినలేదు. కొనేముందు వచ్చి "ఇల్లెలా ఉంటుందక్కా?" అని అడిగితే "మాకేం తెలుసమ్మా" అంటారు. కొన్నాక "మాకు ముందే తెలుసు" అంటారు. ఆ ఎదురింటి ముసలమ్మ మీద నాకు కోపం లేదు, ఆమెను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పనివాళ్ల మీదే నా కోపం.

నేను కోరేది పెద్దదేమీ కాదు, ఒక్క కాగితం. ఆస్తి విలువలో నూటికి ఏడున్నర రూపాయల దాకా స్టాంపు డ్యూటీ, ఫీజుల కింద కట్టించుకునే రిజిస్ట్రేషను ఆఫీసు మన వేలిముద్రలు అడుగుతుంది, ఆధార్ అడుగుతుంది, ఫొటోలు అడుగుతుంది, నాలుగు హద్దులూ అడుగుతుంది. ఆ హద్దుల మధ్య ఏముందో అడగదు. సేల్ డీడుకు జతగా అమ్మేవాళ్లు నింపి సంతకం చేసే ఒక పుట తప్పనిసరి చేస్తే చాలు. మిద్దె, గోడలు ఎక్కడైనా కారుతున్నాయా? నెర్రెలిచ్చి పూత పూయించారా, ఎప్పుడు? స్థలంలో పూడ్చిన బావి, గుంత, కాలవ ఉన్నాయా? వరద నీళ్లు ఎప్పుడైనా వచ్చాయా, ఎంత ఎత్తు? బోరు ఎన్ని అడుగులు, ఏ నెలల్లో ఎండుతుంది? సెప్టిక్ ట్యాంకు ఎక్కడ? దారి సొంతమా, ఇంకొకరిదా? ప్లాను ఉందా? డీకేటీ పట్టానా, నిషేధిత జాబితా 22-ఏలో ఉందా? ఇంకెవరికైనా అగ్రిమెంటు రాసిచ్చారా? కోర్టులో కేసుందా? కరెంటు, పన్ను బాకీలున్నాయా? "తెలియదు" అన్న జవాబుకూ చోటుంచండి. తెలియకపోతే తెలియదనే రాయనివ్వండి. తెలిసి "తెలియదు" అని రాస్తే ఆ కాగితమే సాక్ష్యం.

ప్రభుత్వం తెచ్చేదాకా ఆగనక్కర్లేదు. కొనేవాళ్లు బయానా ఇచ్చేముందే ఈ ప్రశ్నలు ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, లేదా వాట్సాప్‌లో పంపండి. అడిగిన ప్రశ్నకు తెలిసినంతలో జవాబు చెప్పడం కూడా ఆ 55వ సెక్షను ప్రకారం అమ్మేవాడి బాధ్యతే. జవాబివ్వనంటే అదే జవాబు, ఆ గుమ్మం దిగి వచ్చెయ్యండి. అగ్రిమెంటులో "యథాస్థితి" అని ఉంటే దాని పక్కన "అమ్మువారికి తెలిసిన లోపములు ఈ దిగువ చెప్పినవి తప్ప వేరేవి లేవు" అన్న వాక్యం చేర్పించండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. సేల్ డీడు రద్దు కోసం దావా వెయ్యడానికి మూడేళ్ల గడువు, అది కొన్న రోజు నుంచి కాదు, మోసం బయటపడిన రోజు నుంచి లెక్క. చీలిక కనపడిన రోజే తేదీతో ఫొటోలు తీయండి, మేస్త్రీ చేత రాయించుకోండి, పాత పూతల పెచ్చులు పారెయ్యకండి. చుట్టాల ముందు పంచాయితీలు పెట్టి మూడేళ్లూ కరగబెట్టకండి.

అమ్మేవాళ్లకు నాది ఒకటే ప్రశ్న. మీ కూతురు ఆ ఇంటికే కోడలిగా పోతుందనుకోండి. పెట్టె సర్దుతూ ఆమెకు చెవిలో ఏయే జాగ్రత్తలు చెప్తారు? "ఆ మూల మంచం వెయ్యొద్దు, ఆ కొళాయి నీళ్లు తాగొద్దు, గట్టి వానొస్తే బియ్యం మూట అటకెక్కించు." ఆ మాటలన్నీ కాగితం మీద రాసి కొనేవాళ్ల చేతికివ్వండి. ఆ తర్వాత ఉన్నదున్నట్టు అమ్మాం అనండి, నేనూ మీ పక్క సాక్షి సంతకం పెడతాను.